పిట్ట ఎవరి మాటకు వచ్చింది

నేను అక్షరాలు నేర్చుకున్నది చదువు మీద ప్రేమతో కాదు, అనుమానంతో. చెరుకు నరికి, బండికెత్తి, కాంటా మీద తూయించి బతికిన మనిషిని. కాంటా దగ్గర కూర్చున్నవాడు చీటీ మీద ఏదో గీకి చేతిలో పెట్టేవాడు. అది నా చెరుకు బరువో, వాడి బావమరిది చెరుకు బరువో నాకెట్లా తెలియాలి? తల నెరిసిన తర్వాత, మా ఇంటికి కోడలు వచ్చిన ఏడాది, ఆమె ముందు పలక పట్టుకొని కూర్చున్నాను. ఇంటర్ చదివిన పిల్ల. "మామా, కొడవలి పట్టినట్టు పట్టకు, బలపం ఇరుగుతది" అని నవ్వేది. నాకు చదవడం వచ్చేనాటికి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. మా పొలంలో చెరుకు పోయి వరి వచ్చింది. చదవడానికి చీటీలు లేవు. అనుమానం మాత్రం ఉండిపోయింది.

నా కొడుకు సైన్యంలో, అది కూడా తుపాకీ భుజాన వేసుకొని కాలినడకన కాపలా కాసే దళంలో పనిచేసి చనిపోయాడు. వాడి గురించి ఊరి మొగదల కట్టిన ఫ్లెక్సీల మీది మాటలన్నీ కూడబలుక్కొని చదివాను. వాటిలో వాడి ఫొటో కంటే, వాడిని ఏనాడూ పలకరించని మనుషుల ఫొటోలు పెద్దగా ఉన్నాయి. ఆ మాటల్లో నాకు తెలిసిన పిల్లవాడు ఎక్కడా కనబడలేదు. అందుకే నాకు తెలిసినంత నేను రాస్తున్నాను.

మాది గొప్ప వంశం కాదు. మా బాపు గానుగ సీజనులో ఫ్యాక్టరీ కూలీ, మిగతా కాలం ఎవరు పిలిస్తే వాళ్ళకు కూలీ. నాది చెరుకు బండి. మా ఇంటిది బీడీలు చుడుతుంది. ఒడిలో చాట, చాటలో తునికాకు, ఇప్పటికీ అంతే. మా వంశంలో పోలీసు స్టేషను మెట్లెక్కినవాడు కూడా లేడు, ఇక తుపాకీ సంగతి ఎక్కడిది? నా కొడుకు పొద్దున్నే చెరుకు బండ్ల బాట వెంట పరుగెత్తడం మొదలుపెట్టినప్పుడు నేను వాడిని నమ్మలేదు. మీసాలు రాని పిల్లగాడు తెల్లవారకముందే లేచి పరుగెత్తుతున్నాడంటే దాని వెనక ఏదో ఒకటి ఉండాలి. పక్క ఊరిలో ఎవరో పిల్ల ఉందనుకున్నాను.

ఒకరోజు స్నేహితుడి అక్క పెండ్లి అని చెప్పి పోయి, మర్నాడు వచ్చాడు. స్నానానికి అంగీ విప్పితే రొమ్ము మీద నల్ల సిరాతో పెద్ద అంకె.

"గిదేందిరా? ఏ ఠాణాల ఏసిండ్రు నీకు గీ ముద్ర?" అన్నాను.

"ఠాణా కాదు బాపు. పరుగుల నెంబరు. మిల్ట్రీల తీసుకుంటున్నరు. నేను పాసైన."

"పెండ్లి అన్నవు గదరా!"

"నీకు చెప్తె పోనిస్తవా? ఎవడు పిలిచిండు, ఎందుకు పిలిచిండు, అండ్ల ఎవని లాభమెంత అని కూసుండబెట్టి అడుగుదువు. గంతల పరుగు అయిపోవు."

వాళ్ళమ్మ చాట పక్కన పెట్టి నవ్వింది. నేను నవ్వలేదు. పాసైన కాగితం కోడి మీద వాలే గద్దలాగా కనిపించింది నాకు.

శిక్షణ అయి మొదటి సెలవుకు వచ్చినప్పుడు మెడ సన్నబడి, భుజాలు గట్టిపడి, పక్క దులిపి మడతపెట్టి నిలబెట్టే మనిషిగా వచ్చాడు. పెండ్లి చేశాం. బిడ్డ పుట్టింది. ఎక్కడ ఉన్నావురా అంటే ఎప్పుడూ ఒకటే జవాబు: "స్టోర్ల ఉన్న బాపు. కంబళ్ళు లెక్కపెట్టే పని. గాడ కొట్లాట గిట్ట ఏముండదు." వాళ్ళమ్మ నమ్మింది. అమ్మలక్కలకు కూడా చెప్పుకుంది, నా కొడుకు నీడపట్టున ఉన్నాడని. నేను ఒక సెలవులో వాడు నిద్రపోతుండగా ముఖంలోకి వంగి చూశాను. ముఖమంతా కాలిన పెంకు రంగు. కళ్ళ చుట్టూ మాత్రం గుండ్రంగా తెల్లగా ఉంది. మంచు మీద ఎండ కొడుతుంటే నల్లద్దాలు పెట్టుకొని తిరిగేవాళ్ళకు అట్లా అవుతుందని తర్వాత తెలిసింది. అప్పుడు తెలియకపోయినా ఒకటి అర్థమైంది. కంబళ్ళు లెక్కపెట్టేవాడి పెదవులు పగిలి నెత్తురు గడ్డకట్టవు. నేను అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం చెప్పేవాడు, దాన్ని కూడా మొయ్యాలి గదా.

ఫోను వచ్చింది పొద్దున, మా ఇంటిది బీడీలకు ఆకు తడుపుతుండగా. సరిహద్దులో పహారా కాస్తుండగా అవతల నుంచి కాల్పులు జరిగాయని చెప్పారు. హైదరాబాద్ దాకా విమానంలో, అక్కడి నుంచి జెండా కప్పిన బండిలో తెచ్చారు. ఇందల్వాయి దగ్గరి నుంచే మోటారు సైకిళ్ళ మీద పిల్లలు వెంటబడ్డారట. ముఖం చూపించారు. వాడే. కళ్ళ చుట్టూ తెలుపు అట్లాగే ఉంది. మా పొలం గట్టున దహనం చేశాం. తుపాకులు గాలిలోకి పేల్చినప్పుడు నా మనవరాలు చెవులు మూసుకుంది.

ఆ బండితో పాటు ఒక జవాను వచ్చాడు. మా వాడితో జోడీగా ఉన్నవాడు. వాళ్ళలో ఇద్దరిద్దరిని జత కడతారట. ఒకడు పడుకుంటే ఒకడు మేలుకోవాలి, ఒకడి పళ్ళెం లేకపోతే ఒకదాంట్లోనే తినాలి. అతనిది మంజీర దాటితే మహారాష్ట్ర వైపు ఊరు. ఇంట్లో మరాఠీ, బోధన్ అంగడికి వచ్చిపోవడం వల్ల తెలుగు కొంచెం కొంచెం. మిగతా జవాన్లు తిరిగిపోయినా ఇతను సెలవు పెట్టి ఉండిపోయాడు. నన్ను "బాపూ" అని పిలిచాడు. నేను ఉలిక్కిపడ్డాను.

"నన్ను బాపు అనకు. ఇంకేమన్న అను" అన్నాను.

"ఇంకేమనాలె? ఫోన్ల ఆయన గట్లనే అంటుండె. నాకు గదే అలవాటైంది" అన్నాడు.

మూడో రోజు పిట్టకు పెట్టే రోజు. మా దిక్కు ఇది ప్రతి ఇంట్లో ఉన్నదే. పోయినవాడికి ఇష్టమైనవి వండి, కాల్చిన చోట విస్తరిలో పెట్టి అందరూ దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో మిగిలిపోయిందని లెక్క. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరు ముందుకు వచ్చి మాట ఇస్తారు. సరైన మాట పడ్డప్పుడు పిట్ట వస్తుంది. అందుకే ఆ చోట అందరి కళ్ళూ కాకి మీద ఉండవు. మాట ఇస్తున్న మనిషి మీద ఉంటాయి.

మటన్ పెట్టాం, గారెలు పెట్టాం, ఎవరో మిల్ట్రీ సీసా తెచ్చి దొప్పలో పోశారు. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చొని చూస్తున్నాయి గాని దిగలేదు. ఒకటి దిగి, రెండు గంతులు వేసి, మెడ తిప్పి వెళ్ళిపోయింది.

"నీ బిడ్డను కడుపుల పెట్టుకొని సాకుత కొడుకా, ముట్టు" అని వాళ్ళమ్మ ఏడ్చింది. రాలేదు.

"భూమి నీ బిడ్డ పేరు మీద చేస్తరా" అన్నాను నేను. రాలేదు.

నా తమ్ముడు ముందుకు వచ్చి, "చౌరస్తల నీ బొమ్మ పెట్టిపిస్తం బిడ్డా" అన్నాడు. కాకులు లేచి ఇంకో చెట్టు మీదికి పోయాయి. నాకు అంత దుఃఖంలో కూడా అవి మంచి పని చేశాయనిపించింది.

ఎవడో ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు. "బంద్ చెయ్‌రా గది, కాకులు బెదురుతున్నయి!" అని అరిచాను. కోడలు కొంగు తల మీదికి లాక్కొని నిలబడింది. ఆమె పెదవులు కదలలేదు. ఎండ ఎక్కుతోంది. జనం గుసగుసలు మొదలుపెట్టారు.

అప్పుడు ఆ జోడీ జవాను ఎవరూ పిలవకుండానే విస్తరి దగ్గరికి నడిచాడు. మడమలు కలిపి, నిటారుగా నిలబడి, తక్కువ గొంతుతో ఏదో అన్నాడు. పక్క చేనులో చెరుకాకు చప్పుడుకు ఒక్క ముక్క వినబడలేదు. వెనక్కి తిరిగి వచ్చాడు. అతను మా దాకా రాకముందే కాకి దిగి మటన్ ముక్క ఎత్తుకుపోయింది. దాని వెనక మిగతావన్నీ.

జనం ఊపిరి పీల్చుకున్నారు. నేను పీల్చుకోలేకపోయాను. కన్న తండ్రి మాటకు రాని పిట్ట, కన్న తల్లి మాటకు రాని పిట్ట, మంజీర అవతలి మనిషి మాటకు వచ్చింది. ఏమని ఉంటాడు? నా కొడుకు మనసులో ఏం మిగిలిపోయి ఉంటుంది, నాకు తెలియనిది, అతనికి తెలిసినది?

ఇంటికి వచ్చే దారిలో మా అక్క నా పక్కకు వచ్చింది. "తమ్మీ, గా పిలగానికి ఇంక పెండ్లి కాలేదట" అంది.

"అయితేంది?"

"ఏం లేదు. అడిగి తెలుసుకున్న, చెప్తున్న. పిట్టకు మాట ఇచ్చినోడు ఆ మాట తప్పడు గద."

అంతే అంది. దాంతో నా లోపల అనుమానపు బీజం పడింది. కోడలు చిన్నది. మనవరాలు చిన్నది. వాళ్ళిద్దరూ మా ఇంటి నుంచి కదిలితే మాకు మిగిలేది ఒక ఫొటో, దానికి దండ. నాకు ఇక ఎవరి మీదా ధ్యాస లేదు. కోడలి మీదే ధ్యాస.

అతను డ్యూటీకి పోయాడు. కాని ఫోను వస్తుండేది. కోడలు పెరట్లో నిలబడి మాట్లాడేది. ఏం మాట్లాడుకుంటున్నారో అని నేను దగ్గరికి పోయేవాడిని, ఆమె ఫోను నా చేతికిచ్చేది: "ఇగో, నీతోని గూడ మాట్లాడుతడట." నేను "మంచిగున్నవా" అనేవాడిని, అతను "మంచిగున్న బాపూ" అనేవాడు. అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒకసారి ఆమె ఫోను గూట్లో పెట్టి పోతే తీసి చూశాను. నేను నేర్చుకున్నవి తెలుగు అక్షరాలు, అందులో ఉన్నవి ఇంగ్లీషువి. నెమ్మదిగా అక్కడే పెట్టేశాను.

తర్వాత ఆమె నిజామాబాద్ పోవడం మొదలుపెట్టింది. పెన్షన్ పని అంది ఒకసారి. బ్యాంకు అంది ఇంకోసారి. మూడోసారి ఏమీ అనలేదు. "పొయ్యస్త అత్తమ్మా" అని, బిడ్డను మా ఇంటిదాని దగ్గర వదిలి బస్సెక్కింది. నేను వెనక బస్సు ఎక్కాను. బస్టాండులో ఆమె చీర కనబడింది, గేటు దాటుతోంది. వెంటబడ్డాను. కాని నాకు ఒక పాడు అలవాటు. చదువు ముసలితనంలో వచ్చిన మనిషిని, కంటి ముందు బోర్డు కనిపిస్తే చదవకుండా కాలు కదలదు. మిఠాయి దుకాణం బోర్డు చదివాను, పండ్ల డాక్టరు బోర్డు చదివాను. అవి తినే పండ్లు కాదు, నోట్లో పళ్ళు అని అర్థమయ్యేసరికి చీర లేదు. చదువు రాకముందైతే ఆమె దొరికేది.

సాయంత్రం ఇంటికి వచ్చాక మా ఇంటిది అడిగింది, "ఏడికి పోయినవ్?"

"ఊకెనే. టౌనుకు."

"కోడలు ఎనక వోయినవా?"

నేను చెప్పులు విడిచి మంచం వాల్చుకున్నాను.

"కాంటాకాడ నేర్చుకున్న బుద్ధి ఇంట్ల కెందుకు తెస్తవయ్యా! ఆ పిల్ల చెరుకు మోపు అనుకుంటున్నవా, తూకం తగ్గుతున్నదా అని చూసుకునెటందుకు?" అని బీడీ దారం పళ్ళతో తెంపింది. ఆమెకు కూడా భయమే. నా భయం నోట్లో ఉంటే ఆమె భయం చేతుల్లో ఉంది. ఆ వారం ఆమె బీడీలు తిప్పి పంపారు, చుట్టు వదులుగా ఉందని.

చెరుకు కొట్టే కాలంలో అతను మళ్ళీ సెలవు మీద వచ్చి, మమ్మల్ని చూడడానికి మా ఇంటికి వచ్చాడు. మా ఊరి బాట మీద చెరుకు ట్రాక్టర్లు పోతున్నాయి, ఇంకో ఫ్యాక్టరీకి. పొద్దు పైకొచ్చిన వేళ నేను కొట్టం ముందు మంచం వేసుకొని కూర్చున్నాను. మనవరాలు అతని టోపీ పెట్టుకొని తిరుగుతోంది. కోడలు చాయ్ తెచ్చింది. నేను ఇక ఆగలేకపోయాను.

"ఓ పిలగా, ఒకటి అడుగుత, దాచకుండ చెప్పు. గా దినం పిట్టకాడ ఏమన్నవు?"

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గది ఆయనకు చెప్పిన మాట బాపూ."

"ఆయన నా కొడుకు. నాకు చెప్పు. ఏం మాట ఇచ్చినవు?"

"మాట ఇయ్యలే. రిపోర్ట్ ఇచ్చిన."

"గదేంది?"

అతను ట్రాక్టర్ల వైపు చూస్తూ చెప్పాడు. అతని తెలుగు తడబడింది, మధ్యలో హిందీ వచ్చింది. నాకు అర్థమైనంత ఇది. పహారా నిలబడ్డవాడు ఆ చోటు, వాళ్ళ మాటలో చౌకీ, వదలకూడదు. చావు వచ్చినా సరే, ఆకలి వేసినా సరే. అతని బదులు వచ్చేవాడు ఎదురుగా నిలబడి, "చౌకీ నేను తీసుకున్న, నువ్వు పో" అనాలి. అప్పుడే కాలు కదపాలి. ఆ రోజు మా వాడి బదులు నిలబడవలసింది ఇతనే. ఇతను కొండ ఎక్కుతుండగానే కాల్పులు మొదలయ్యాయి. ఇతను చేరేసరికి మా వాడు పడిపోయి ఉన్నాడు. ఆ మాట చెప్పడం కాలేదు.

"పిట్ట రాకపోతె నాకు గదే యాదికొచ్చింది. ఆయన ఇంక డ్యూటీ మీదనే నిలబడ్డడు, ఎవ్వరు పొమ్మనలే. అందుకే పోయి చెప్పిన. చౌకీ నేను తీసుకున్న, నువ్వు పో అని."

మా ఇంటిది కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మాత్రం అడగవలసింది అడిగాను.

"నువ్వు ఆలస్యమైనవా?"

"మామా!" అంది కోడలు.

"అడగనియ్యి. ఆలస్యమైనవా పిలగా?"

"టైముకే బయలెల్లిన. మంచుల నడక లేటయితది. నేను గూడ గిదే అడుక్కుంట రోజు" అన్నాడు. తల దించలేదు. నమ్మడానికి నా దగ్గర సాక్ష్యం లేదు, నమ్మకపోవడానికీ లేదు. ఇంకోటి మిగిలింది. అది కూడా అడిగేశాను.

"సరే. చౌకీ తీసుకున్న అన్నవు. అండ్ల మా ఇల్లు గూడ ఉన్నదా? నా కోడలు, మనవరాలు గూడ ఉన్నరా?"

అతని ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. కోడలు చేయి అడ్డం పెట్టింది.

"ఆయననెందుకు అడుగుతవు మామా? నన్నడుగు. నా గురించి నాకెరుక గద."

ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

"పిట్ట ఈ అన్న మాటకే వచ్చిందని మీరందరు అనుకుంటున్నరు. గప్పుడే నేను గూడ లోపల ఒక మాట ఇచ్చిన. బయటకు అనలే. అంటె నువ్వు గాడనే పంచాది పెడుదువు."

"ఏం మాట?"

"టీచరు ట్రైనింగు చేస్త, బిడ్డను నిజామాబాద్‌ల సదివిపిస్త అని. ఆయనకు గదే ఆశ ఉండె. పోయిన సెలవుల ఇద్దరం కలిసి టౌనుల కిరాయికి అర్ర గూడ చూసినం. నీకు చెప్పుడు ఆయనతోని కాలే. బాపు ఊకుంటడా, అర్ర ఎవలిది, ఎందుకు ఇస్తున్నరు, లోపల ఏమున్నదో అంటడు, మెల్లగ చెప్త అన్నడు. మెల్లగ చెప్పెటందుకు ఆయన లేకపాయె. నేను టౌనుకు పోయింది గా కాలేజీ కోసమే. సీటు వచ్చింది. ఈ అన్న చెల్లె గూడ గదే కాలేజీల సదువుతది, ఫోన్ల మాట్లాడేది గా సంగతే."

పిట్ట ఎవరి మాటకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అతని మాటకో, ఆమె మాటకో, ఎండ ఎక్కి ఆకలి తాళలేకనో. కాకి సాక్ష్యం చెప్పదు. ఆ పూట నేను ముద్ద ముట్టలేదు. కోడలు బతిమాలలేదు కూడా. బట్టలు సర్దుకుంటూ నా వైపు ఒకసారి చూసి, "నువ్వు వద్దన్నా పోత మామా. ఔనంటె సంబురంగ పోత" అంది. మా ఇంటిది ఎప్పుడు నా వైపు ఉండాలో, ఎప్పుడు ఉండకూడదో తెలిసిన మనిషి. మనవరాలి గౌన్లు మడతపెట్టి ఇస్తూ కూర్చుంది.

"అర్ర చూడకుండ నేను ఔనన" అన్నాను చివరికి.

మరుసటి వారం నేనూ వాళ్ళతో బస్సెక్కాను. నిజామాబాద్‌లో సందులో సందు, ఒక పాత ఇంటి వెనక భాగంలో ఒకటే అర్ర, వంటకు మూల. ఇంటామె కూడా బీడీలు చుట్టే మనిషే, వాకిట్లో చాట ఉంది. అది చూసి కొంచెం కుదుటపడ్డాను, కాని బయటికి కనబడనివ్వలేదు. ముందు ఎవరు ఉన్నారు, ఎందుకు ఖాళీ చేశారు, మీ కొడుకులు ఎందరు, ఏం పని చేస్తారు, సందు దీపం వెలుగుతుందా అని అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. తలుపు గడియ పట్టుకొని ఊపాను. ఊగింది. మొలలు వదులు.

"గీ గడియ పనికిరాదు" అన్నాను.

"పెద్దాయినా, ఇన్నేండ్ల నుంచి ఉన్నది. మా మీద గింత అనుమానమా?" అంది ఇంటామె.

"ఔ, ఉన్నది" అన్నాను.

బజారుకు పోయి కొత్త గడియ, పొడుగు మొలలు తెచ్చాను. ఇంటామె సుత్తె ఇచ్చింది. కోడలు సామాను సర్దుతుంటే నేను తలుపు ముందు గొంతుక్కూర్చొని మధ్యాహ్నం దాకా బిగించాను. మనవరాలు చప్పుడైనప్పుడల్లా చెవులు మూసుకొని, మళ్ళీ తెరిచి చూసేది. అయిపోయాక నేను బయటికి వచ్చి, కోడలిని లోపలి నుంచి గడియ పెట్టమన్నాను.

"పెట్టినవా?"

"పెట్టిన మామా."

భుజం ఆనించి తోశాను. చెరుకు బండి బురదలో దిగబడితే తోసినట్టు తోశాను. తలుపు కదలలేదు.

"సరిపోయిందా? ఇగ తియ్యాల్నా?" అని లోపలి నుంచి అడిగింది.

"తియ్యకు. ఇంకోసారి చూస్త" అన్నాను. మళ్ళీ తోశాను. కదలలేదు. "ఔ, సరిపోయింది" అన్నాను. చెప్పులు వేసుకొని, గడియ తియ్యమనకుండానే బస్టాండు వైపు నడిచాను.